మెదడు అలసట



అలసటకును సోమరితనమునకును భేద మెఱుగక లోకము నింద వేయుచుండును. మల్టిపుల్ స్క్లెరోసిస్ అను వ్యాధి గలవారి కీ నింద మరింత భారము. 1868లో ఫ్రెంచి వైద్యుడు షార్కో దీని లక్షణములను విశదముగా వర్ణించెను. మెదడునందును వెన్నుపామునందును నాడీతంతువులకు మైలిన్ అను కొవ్వు తొడుగు కలదు. శరీరమును కాపాడవలసిన రక్షకకణములే దానిని పాడుచేయును. కంచె చేను మేయుట యన నిదియే.

పూర్వము రామకుప్పం ప్రాంతమున కపిల తోలిన పెద్దలకు దీని ఫలితము సులభముగా బోధపడును. కాలువకు గండి పడినచో మడి తడియుటకు ఎద్దులు మరిన్ని మారులు దిగవలెను. అయినను నీ రాలస్యముగానే చేరును. అట్లే స్వల్పమైన లెక్కకు సైతము రోగి మెదడు అధికముగా శ్రమించుట ఎమ్.ఆర్.ఐ. పరీక్షలలో కనబడినది. మెదడు నడుమనుండు థాలమస్ అను కూడలి కృశించుటకును ఈ అలసటకును సంబంధ మున్నదని పెక్కు పరిశోధనలు తెలుపుచున్నవి. అన్నియు ఏకీభవించుట లేదు. ఉదయము చక్కగా పద్దులు వ్రాసినవాడు కొంతసేపటికే అంకెలు తడబడును. కాలుసేతులు బాగుగనే యుండవచ్చును, అందుచేతనే ఇంటివారు నమ్మరు! ఎండవేడిమి దీనిని హెచ్చించును.

వ్యాధిని సమూలముగా కుదుర్చు మందు లేదు, వేగమును తగ్గించునవి కలవు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో నాడీవైద్యశాఖ 1949లోనే ఆరంభమైనది. బెంగుళూరు నిమ్‌హాన్సును ఇచటివారికి దూరము కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమునందు ఈ వ్యాధియు చేరినది. కావున రోగి ధ్రువపత్రమునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఇక ఇంటివారు చేయదగినది, బరువైన పనిని చల్లనివేళ నుంచి, నడుమనడుమ విశ్రాంతి నిచ్చుట.