ట్రెడ్‌మిల్ పరీక్ష, తగ్గని ఛాతీ నొప్పి



రాజపాళయం పక్కనున్న సత్రపట్టిలో నేసే కట్టుగుడ్డ ఎన్నో ఊళ్ళ ఆసుపత్రులకు వెళుతుంది. పైకి కనబడే గాయమైతే ఆ గుడ్డతో కట్టు కట్టవచ్చు. కనబడని ఛాతీ నొప్పి సంగతి అలా కాదు. దాన్ని గురించి ఈ రోజు మాట్లాడుకుందాం.

అక్కడ మరమగ్గం దగ్గర పనిచేసే 45 ఏళ్ళ అక్క ఒకరున్నారనుకోండి. మెట్లెక్కితే గుండెల మీద బరువు పెట్టినట్టుంటుంది. మదురై వెళ్ళి ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకున్నారు. 'నెగటివ్' అని వచ్చింది. "నీకేమీ లేదు, అంతా నీ భ్రమ" అన్నారు ఇంట్లోవాళ్ళు. నొప్పి మాత్రం పోలేదు. ఇప్పుడు ఆమె ఎవరితో చెప్పుకోవాలి?

ముందు ఈ పరీక్ష ఏమిటో చూద్దాం. ఛాతీకి తీగలు తగిలించి, కదిలే పట్టా మీద నడిపిస్తారు. 3 నిమిషాలకొకసారి వేగమూ, ఏటవాలూ పెంచుతారు. అమెరికా వైద్యుడు రాబర్ట్ బ్రూస్ రూపొందించిన పద్ధతి ఇది. పని ఎక్కువైనప్పుడు గుండె కండరానికి రక్తం చాలుతోందా, లేదా? ఈ పరీక్ష అడిగే ప్రశ్న ఇదొక్కటే.

'పాజిటివ్' అంటే మంచి కబురు అని కొందరు పొరబడతారు. రక్తం చాలడం లేదన్న అనుమానం ఉందని దాని అర్థం. 'నెగటివ్' అంటే ఆ అనుమానం కనబడలేదని మాత్రమే.

220లోంచి మీ వయసు తీసివేయండి. అందులో 85 శాతం దాకా నాడి వేగం పెరగాలి. 50 ఏళ్ళవారికైతే నిమిషానికి సుమారు 145. కాళ్ళ నొప్పుల వల్లనో, నాడిని తగ్గించే మాత్రల వల్లనో అంతవరకు చేరకపోతే, ఆ పరీక్షతో ఏమీ తేలలేదన్నమాటే.

సరిగ్గా చేసినా ఇది తప్పులేని పరీక్ష కాదు. 147 పరిశోధనలను కలిపి చూసి 1989లో ప్రకటించిన లెక్క ఒకటుంది. రక్తనాళాల్లో పూడిక ఉన్న 100 మందిలో సుమారు 68 మందినే ఇది పట్టింది. పూడిక లేని 100 మందిలో సుమారు 23 మందికి ఉన్నట్టు చూపింది. అందుకే డాక్టరు కాగితం ఒక్కటే చూడరు. వయసు, చక్కెర, రక్తపోటు, పొగ అలవాటు, నొప్పి వచ్చే తీరు అన్నీ కలిపి చూస్తారు.

మరి పెద్ద నాళాలు బాగున్నా నొప్పి ఎందుకు వస్తుంది? గుండెలోని సన్నని నాళాలు సరిగా విచ్చుకోకపోవచ్చు. ఇది ఆడవారిలో ఎక్కువ. కడుపులోని పులుపు అన్నవాహికలోకి ఎగదన్నవచ్చు. పక్కటెముకల కీళ్ళు వాచి ఉండవచ్చు. దిగులు వల్ల కూడా రావచ్చు. వీటిలో ఏదీ నటన కాదు. ప్రతిదానికీ వైద్యం ఉంది.

కాబట్టి నొప్పి తగ్గకపోతే మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఎప్పుడు వచ్చింది, ఏ పని చేస్తుండగా వచ్చింది, ఎంతసేపు ఉంది, దేనితో తగ్గింది అన్నది కాగితం మీద రాసుకుని వెళ్ళండి. "పరీక్ష పూర్తిగా జరిగిందా? ఇంకేదైనా పరీక్ష కావాలా?" అని అడగండి. అడగడం తప్పు కాదు.

చివరిగా ఒక ముఖ్యమైన మాట. కూర్చుని ఉన్నా తగ్గని బరువు, చెమటలు, దవడకో చేతికో పాకే నొప్పి, ఆయాసం కనబడితే, పోయిన నెల నెగటివ్ వచ్చింది కదా అని ఆగకండి. సోడా తాగి చూద్దామనుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. తమిళనాడు ప్రభుత్వం 2023లో మొదలుపెట్టిన 'ఇదయం కాప్పోం' పథకం కింద గుండెపోటుకు ఇచ్చే తొలి మాత్రలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే ఉంచారు.

ఇంట్లో ఎవరైనా నొప్పి అంటే నమ్మండి. రిపోర్టు చెప్పేది ఆ కొద్ది నిమిషాల నడక సంగతే. మిగతా రోజంతా ఎలా ఉందో చెప్పవలసింది ఆ మనిషే.