విద్యుత్కేంద్రమునకు పరీక్ష యెందులకు?



ఎద్దులను కొనువాడు సంతలో వాని కొమ్ములను, మూపురమును చూచి మాత్రమే సొమ్ము చెల్లింపడు. పండ్లు పట్టి చూచును, నడిపించి చూచును, వీలున్నచో కాడి గట్టి నాలుగు సాళ్లు దున్నించి పిమ్మట బేరము తెంపును. ఒక జత యెద్దుల విషయముననే యింత జాగ్రత్త వహించు మనము, ఇరువదియైదేండ్లపాటు కోట్లాది ప్రజలకు కరెంటు నందింపవలసిన యంత్రములను ఎట్లు పరీక్షించి కొనుచున్నారో తెలిసికొనుట యుక్తము. నేటి ప్రసంగ విషయ మిదియే.

ముందుగా రెండు మాటలు విశదము చేసెదను. మెగావాట్టు అనునది యంత్రము యొక్క బలమునకు కొలత. యూనిట్టు అనునది ఆ బలముచే జరిగిన పనికి కొలత. ఒక మెగావాట్టు బలముతో ఒక గంటసేపు నడచిన యంత్రము వేయి యూనిట్ల నిచ్చును. ఎద్దు బలము వేఱు, అది దున్నిన యకరములు వేఱు గదా! విద్యుత్కేంద్రములతో వ్రాసికొను దీర్ఘకాలపు ఒడంబడికలలో సాధారణముగా రెండు విధముల రుసుములుండును. వాడిన బొగ్గునుబట్టి యూనిట్టునకు ఇంత యని చెల్లించునది యొకటి. యంత్రము పనికి సిద్ధముగా నున్నందులకు దాని బలమునుబట్టి చెల్లించు స్థిరమైన రుసుము రెండవది. కొనువారు కరెంటు తీసికొనకపోయినను, కేంద్రము సిద్ధముగా నున్నచో ఈ రెండవ రుసుము చెల్లింపక తప్పదు. కావున కాగితముపై వ్రాసిన బలము యంత్రమునందు నిజముగా కలదో లేదో తొలినాడే తేలవలెను. ఆ దినము నుండియే ఒడంబడిక లెక్కలు ప్రారంభమగును.

ఆ పరీక్ష యెట్లుండును? బొగ్గును పిండిచేయు మరలు, గాలిని విసరు పంకాలు, నీటిని తోడు పంపులు కేంద్రములో పుట్టిన కరెంటులోనే కొంత భాగమును వాడుకొనును. మిగిలినదే బయటి తీగలకు చేరును. అందుచే 660 మెగావాట్ల యంత్రము అమ్మకమునకు అంత బలము నీయజాలదు. ఏ బలమును, ఏ చోట కొలువవలెనో ఒడంబడికలోనే వ్రాసికొందురు. పిదప యంత్రమును 72 గంటలు ఎడతెగక నడిపింతురు. మూడు పగళ్లు, మూడు రాత్రులు ఎందులకందురా? కొరడా దెబ్బకు ముసలి యెద్దయినను నాలుగడుగులు పరుగిడును. మధ్యాహ్నపు టెండలోను, అర్ధరాత్రపు చల్లదనములోను అలయక లాగినదే నిజమైన బలము. ఆవిరి గొట్టములలోని లోపములు, ఇరుసుల వేడి, బొగ్గు మరల బలహీనత మొదలైనవి కొద్ది నిమిషములలో బయటపడవు.

ఈ పరీక్షను గూర్చి మన దేశమున జరిగిన యొక వ్యాజ్యము మిక్కిలి ప్రసిద్ధమైనది. మధ్యప్రదేశమున సింగ్రౌలి జిల్లాలో ససాన్ అను చోట, ఒక్కొక్కటి 660 మెగావాట్ల బలముగల ఆరు యంత్రములతో పెద్ద బొగ్గు కేంద్రము వెలసినది. దాని కరెంటును ఏడు రాష్ట్రముల పంపిణీ సంస్థలు కొనుటకు 2007వ సంవత్సరమున ఒడంబడిక జరిగినది. ఒక్కొక్క యంత్రమునుండి కొనువారికి రావలసిన బలము 620.4 మెగావాట్లు. అందులో నూటికి 95 వంతులకు, అనగా 589 మెగావాట్లకు తగ్గక, 72 గంటలు యంత్రము నడచి చూపవలెనని షరతు. ఏ పక్షమునకును చెందని ఇంజనీరు ఆ పరీక్షను చూచి యోగ్యతాపత్ర మీయవలెను.

మొదటి యంత్రము 2013 మార్చి 31వ తేదీన వ్యాపారమునకు సిద్ధమైనదని కంపెనీవారు ప్రకటించిరి. ఇంజనీరు పత్రము కూడ చేతికి వచ్చినది. కాని పరీక్షలో యంత్రము చూపిన బలము సుమారు 101 మెగావాట్లు మాత్రమే. అనగా రావలసినదానిలో ఆరవ వంతు. ఆ సమయమున తీగలపై భారమును నియంత్రించు అధికారులు హెచ్చు కరెంటును పంపనీయలేదనియు, లోపము తమది కాదనియు కంపెనీవారి వాదము.

ఒక తేదీకై యింత పోరేల యని మీరడుగవచ్చును. ఆ ఒడంబడికలో మొదటి రెండు సంవత్సరములకు ధర మిక్కిలి తక్కువ, యూనిట్టునకు సుమారు 70 పైసలు. పిదప ధర హెచ్చును. మొదటి సంవత్సరము యంత్రము ప్రారంభమైన నాడు మొదలై, దాని తరువాత వచ్చు మార్చి 31తో ముగియును. ప్రారంభము మార్చి 31ననే యైనచో ఆ మొదటి సంవత్సరమునకు ఆయువు ఒక్క దినమే! చవుక ధర కొనువారికి దక్కవలసిన కాలములో పెద్దభాగ మట్లే కరగిపోవును.

కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషనువారు 2014లో ఆ పరీక్ష చెల్లదనియు, 2013 ఆగస్టు 16వ తేదీయే సరియైన ప్రారంభమనియు తీర్పు చెప్పిరి. 2016 మార్చిలో అప్పీలు ట్రిబ్యునలువారు దానిని త్రోసివేసిరి. విద్యుత్ ఇంజనీర్ల సమాఖ్యవారు సుప్రీంకోర్టు కెక్కిరి. 2016 డిసెంబరు 8వ తేదీన ఆ న్యాయస్థానము కమిషను తీర్పునే నిలిపినది.

ఈ తీర్పునందు మనము గ్రహింపవలసిన ముఖ్యాంశ మొకటి కలదు. కొనిన సంస్థలే పరీక్ష షరతును వదలుకొన్నవనియు, ఇక ఇతరులు అడుగనేల యనియు వాదము వచ్చినది. న్యాయస్థాన మందుల కంగీకరింపలేదు. వదలుకొనుటవలన కరెంటు వాడువారిపై భారము పడునపుడు అది ఇరుపక్షముల సొంత వ్యవహారము కాదు. నియంత్రణ కమిషను అనుమతి లేనిదే అట్టి సడలింపు చెల్లదని తేల్చినది. ఊరుమ్మడి ధాన్యమును కొలిపించువాడు కొలమానము తక్కువైనను సరే యని తన యంతట తాను చెప్పజాలడు గదా! ఆ గింజలు అతనివి కావు.

ఆ ఒడంబడికలో మన తెలుగు రాష్ట్రముల సంస్థలు లేవు. ఐనను ఈ న్యాయము దేశమంతటికిని వర్తించును. 2003వ సంవత్సరపు విద్యుత్ చట్టము ప్రకారము, ధరలను నిర్ణయించు ముందు కమిషనువారు ప్రజల సూచనలను, అభ్యంతరములను ఆలోచింపవలెను. మన రెండు రాష్ట్రములందును కమిషనులు అభ్యంతరములను స్వీకరించి బహిరంగ విచారణలు జరుపుచున్నవి. గ్రామపెద్దలైన మీరు అచటికి వ్రాయవచ్చును, పోయి మాటలాడవచ్చును. "మేము చెల్లించు స్థిర రుసుము ఏ కేంద్రమునకు? దానిని పరీక్షించినది ఎన్నడు? ఎన్ని గంటలు నడచినది? ఎన్ని మెగావాట్లు చూపినది?" అని అడుగుటకు ఇంజనీరు చదువు అక్కరలేదు. సంతలో ఎద్దును నడిపించి చూపుమనిన రైతునకు ఈ ప్రశ్నలు క్రొత్తవి కావు.