ప్లాను వాళ్లది, మోరీ మనదా?

(పారిశుద్ధ్య కార్మికుల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మేనేజ్‌మెంట్ అనంగనే మనకు ఏసీ రూము, ఇంగ్లీషు యాదికొస్తయి. అది మనది కాని విద్య అని ఊరుకుంటాం. మనం ఊరుకుంటేనే వాళ్లకు లాభం. అందుకే ఈ ముచ్చటే ముందు పెడుతున్నాం.

ఫ్రాన్సులో బొగ్గు గనుల కంపెనీ నడిపిన ఆన్రీ ఫయోల్ అనే ఇంజనీరు 1916లో యాజమాన్యం పనులు ఐదని రాసిండు. రాబోయేది ముందే చూసి ప్లాను వేయాలి. మనుషుల్నీ సామాన్నీ సమకూర్చాలి. పని చెప్పి నడిపించాలి. ఒకరి పనికి ఇంకొకరి పనిని కలపాలి. చెప్పినట్టు జరిగిందా అని చూడాలి. కాలేజీల్లో నేటికీ కాస్త అటూ ఇటూగా ఇదే పాఠం.

ఈ ఐదింటినీ మ్యాన్‌హోల్ మూత దగ్గర పెట్టి చూద్దాం.

ప్లాను సంగతి. ఇరుకు గల్లీలో మిషను పట్టదంటారు. 2017లో హైదరాబాద్ జలమండలి గల్లీల్లో తిరిగే 70 చిన్న జెట్టింగ్ బండ్లను దింపింది. తలుచుకుంటే పట్టిందిగదా!

సమకూర్చడం చూడండి. 2013 చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం, తప్పనిసరై మనిషి దిగాల్సి వస్తే అక్కడ కనీసం ముగ్గురుండాలి, ఒకరు సూపర్‌వైజరు. ముందు లోపలి గాలి పరీక్షించాలి. ఎందుకంటే ఆ గ్యాసు మొదట కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలవదు. వాసన లేదని దిగుతాం. కిందోడు కూలితే కాపాడబోయి పైనోడు దిగుతడు, ఇద్దరూ పోతరు. తాడు, గాలి గొట్టం లేకుండా ఎవరూ వెంట దిగొద్దు.

ఫయోల్‌కు తెలవని ఆరో పని ఒకటి మన దేశంలో ఉంది. దిగేటోణ్ని ఏ వాడ నుంచి పిలవాలో ఏ మేనేజరుకూ ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇక కంట్రోలు మస్తుగుంది, హాజరు కోత దాకా. మనిషి చస్తే మాత్రం 'తనకు తానే దిగిండు' అంటారు. పని చెప్పింది నోటిమాటతో కదా! కాంట్రాక్టరు ఆఫీసును చూపిస్తడు, ఆఫీసు కాంట్రాక్టరును చూపిస్తది. కలపడమనే నాలుగో పని అక్కడ తప్పించుకోవడానికే పనికొస్తుంది.

రక్షణ లేకుండా దింపినోడికి ఆ చట్టంలో మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. 1993 నుంచి మోరీల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. చెప్పినోడు ఎవరో తేలకపోతే ఇవన్నీ కాగితాల్లోనే ఉంటాయి.

కాబట్టి దిగమన్నప్పుడు అడగండి: గాలి ఎవరు చూసిండ్రు? మూడో మనిషేడి? ఆర్డరు రాసిస్తవా? రాసియ్యకపోతే చెప్పినోడి పేరు, తారీఖు, టైము మనమే నోటుబుక్కులో రాసి, పక్కనున్నోళ్లతో సంతకం పెట్టిద్దాం.