పాత ట్రాక్టరు కొనువారికి కొన్ని మాటలు

(మేడారము గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)

   

ఒక పల్లెలో గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచియుండుట సామాన్యమైన సంగతి కాదు. హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము 1904లో వెలసినది. ఆ దీపమునుండి వెలిగిన చిన్న దీపములే మన పల్లెల గ్రంథాలయములు. అయితే గ్రంథాలయము కావ్యములకును పురాణములకును మాత్రమే నిలయము కాదు. రైతు అప్పులో పడకుండ కాపాడు తెలివియు ఇచటనే దొరకవలెను. అందువలననే ఈనాడు నేను సేద్యమునకు సంబంధించిన విషయమునే ఎన్నుకొంటిని. కొద్దిపాటి భూమిగల రైతు పాత ట్రాక్టరును ఎట్లు ఎంచుకొనవలెను, ఏమి చూచి కొనవలెను అనునదియే నా ప్రసంగ విషయము.

మన పెద్దలు అంగడిలో ఎద్దును కొనునప్పుడు నోరు తెరచి పండ్లు చూచెడివారు, సుడులు చూచెడివారు, నడిపించి చూచెడివారు, కాడి కట్టి చూచెడివారు. కొమ్ములకు పూసిన రంగును చూచి ఎవ్వరును బేరమాడలేదు. ఎద్దు విషయమున ఇంత నేర్పు చూపిన మనము ట్రాక్టరు దగ్గరకు వచ్చుసరికి క్రొత్త రంగును, కంపెనీ పేరును చూచి బయానా ఇచ్చివేయుచున్నాము. పాత ట్రాక్టరును కొనుటయనగా అది ఇంతవరకు చేసిన చాకిరిని, ఇకముందు కోరబోవు మరమ్మతును కలిపి కొనుట. ఇచ్చెడి ధర మొదటి వాయిదా మాత్రమే. ఈ ఒక్క మాటను మీరు మనసున నిలుపుకొన్నచో నా ప్రసంగము సార్థకమైనట్లే.

మన దేశమున తయారైన మొదటి ట్రాక్టరును 1959లో ఫరీదాబాదునందు ఐషర్ సంస్థవారు వెలువరించిరి. 1960లో మద్రాసున టాఫే సంస్థ మాసీ ఫెర్గూసన్ సహాయముతో వెలసినది. దుర్గాపూరులోని మన శాస్త్రజ్ఞులు రూపొందించిన స్వరాజ్ 724 బండి 1974లో పంజాబునుండి వచ్చినది. జెకోస్లొవేకియా దేశపు జెటార్ నమూనాతో హెచ్.ఎం.టి. ట్రాక్టర్లు 1971నుండి పింజోరునందు తయారైనవి. ఇట్లు ఆరు దశాబ్దములకు పైగా తయారైన బండ్లలో ఎన్నియో చేతులు మారుచు నేటికిని పొలములో తిరుగుచున్నవి.

కొనుటకు ముందు మొదటి ప్రశ్న: మనకు సొంత బండి అవసరమా? ఒక లెక్క చూతము. ఈ అంకెలు ఉదాహరణ కొరకే. మీ ధరలు మీరు వేసికొనవలెను. రెండున్నర లక్షలకు బండి కొని, ఎనిమిదేండ్లు వాడి, లక్ష రూపాయలకు అమ్మితిమనుకొందము. తరుగు ఏటికి 18,750 రూపాయలు. సగటున లక్షా డెబ్బదియైదు వేలపై నూటికి పది చొప్పున వడ్డీ 17,500. టైర్లు, మరమ్మతు, బీమాలకు మరియొక 18,750. వెరసి ఏటికి 55,000. బండి ఏడాదిలో నూరు గంటలు నడచినచో, డీజిలు పోయకముందే గంటకు 550 రూపాయలు పడినట్లు. నాలుగువందల గంటలు నడచినచో 137 రూపాయల యాబది పైసలు మాత్రమే. ఈ మొత్తమునకు డీజిలు, డ్రైవరు ఖర్చును కలిపి, మీ ఊరి కిరాయి ధరతో పోల్చుకొనుడు. నాలుగెకరముల రైతు తన పొలము మాత్రమే దున్నుకొన్నచో సాధారణముగా కిరాయియే లాభము. ఇరుగుపొరుగు పొలములు కూడ చేయగలిగినను, అన్నదమ్ములు నలుగురు కలిసి కొన్నను సొంత బండి గిట్టుబాటగును.

రెండవ ప్రశ్న: ఎంత శక్తి కావలెను? మన ప్రాంతమున రామప్ప, లక్నవరము వంటి చెరువుల క్రింద వరి మళ్లు కలవు. చెలకలలో ప్రత్తి, మిరప కలవు. లోతు బురదలో బరువైన బండి దిగబడును. చిన్న మడులలో పెద్ద బండి తిరుగుటకే కాలము పోవును. కావున 25 మొదలు 40 అశ్వశక్తి లోపల చూచుట మేలు. 25 అశ్వశక్తికి నాలుగడుగుల రోటవేటరు, 35 నుండి 40కి ఐదడుగుల రోటవేటరు ఇంచుమించు సరిపోవును. బ్రిటనులో హ్యారీ ఫెర్గూసన్ అను ఐర్లండు ఇంజనీరు 1936లో మూడు బిగింపుల హైడ్రాలిక్ లిఫ్టును ట్రాక్టరుకు అమర్చి, నాగలి బరువును బండి చక్రములపైకి త్రిప్పినందువలననే తేలిక బండి కూడ లోతుగా దున్నగలిగినది. కనుక చిన్న ట్రాక్టరుకు లిఫ్టు ప్రాణము వంటిది.

ఇక బండ్లను పోల్చి చూతము. మాసీ ఫెర్గూసన్ 1035, మహీంద్రా 275, స్వరాజ్ 735 అను మూడును ఇంచుమించు 35 నుండి 40 అశ్వశక్తి గలవి. మూడేసి సిలిండర్లు గలవి. ఇవి విరివిగా అమ్ముడైనందున సామానును, పని తెలిసిన మేస్త్రీలును సులభముగ దొరకుదురు. స్వరాజ్ 724 రెండు సిలిండర్ల చిన్న బండి. ఐషర్ పాత బండ్లలో గాలితో చల్లబడు ఒంటి సిలిండరువి కలవు. వాటికి రేడియేటరు బాధ లేదు గాని, చల్లదనమునకు రెక్కల మధ్య దుమ్మును ఎప్పటికప్పుడు దులుపవలెను. హెచ్.ఎం.టి. బండి గట్టిదని పేరు. అయినను పింజోరు ట్రాక్టరు విభాగమును మూసివేయుటకు కేంద్ర ప్రభుత్వము 2016లో నిర్ణయించినది. సామాను ఎక్కడ దొరకునో ముందుగా విచారించిన పిదపనే దానిని కొనవలెను. మేలైన బండి యేది అని అడుగుటకంటె, నాటు వేళ చెడిపోయినచో మరునాటికే బాగుచేయగల మేస్త్రీ ఏటూరునాగారములోనో, ములుగులోనో ఏ బండికి ఉన్నాడు అని అడుగుట తెలివైన పని.

తరువాత బండి పూర్వచరిత్రను తెలిసికొనవలెను. దమ్ములో పనిచేసిన బండికి వెనుక ఇరుసు సీళ్లు చెడి, బురదనీరు బ్రేకులలోనికి పోయియుండును. ఇసుక, ఇటుక ట్రాలీలు లాగిన బండికి క్లచ్చి, గేర్లు, వెనుక కొక్కెము అరిగియుండును. ఎల్లకాలము రోటవేటరు త్రిప్పినదానికి పి.టి.వో. భాగములును, దుమ్ము మ్రింగిన ఇంజనును పరీక్షింపవలెను. గంటల మీటరును నమ్మరాదు. దానిని మార్చుట సులువు. తొక్కుడు పెడళ్లు, సీటు, స్టీరింగు చక్రము ఎంత అరిగినవో చూచినచో బండి వయస్సు తెలియును.

పరీక్షకు తెల్లవారుఝామున పొండు. ఇంజనుపై చేయి వేసి చూడుడు. వెచ్చగా నున్నచో అమ్మువాడు ముందే నడిపియుంచినాడని అర్థము. చల్లని ఇంజను సులభముగ అందుకొనవలెను. మొదట కొద్దిసేపు తెల్లపొగ వచ్చినను దోషము లేదు. నీలిపొగ ఆగకుండ వచ్చినచో ఇంజను ఆయిలు త్రాగుచున్నది. బరువు లాగునప్పుడు దట్టమైన నల్లపొగ వచ్చినచో గాలి ఫిల్టరో, డీజిలు పంపో చూపింపవలెను. ఆయిలు పోయు మూత తీసినప్పుడు పొగ బుసకొట్టినచో పిస్టను రింగులు అరిగినవి. ఆయిలు మజ్జిగవలె తెల్లబారినచో అందులో నీరు కలిసినది. అట్టి బండిని విడిచిపెట్టుటయే క్షేమము. రేడియేటరు మూతను బండి చల్లగా నున్నప్పుడే తీయవలెను. నీటిపై నూనె తేలుచున్నదా, ఇంజను నడచుచుండగా బుడగలు వచ్చుచున్నవా చూడుడు.

తరువాత ఒక గంటయైనను పొలములో నాగలి కట్టి దున్నింపుడు. బరువు మీద గేరు తనంతట జారిపడరాదు. ఆయిలు వేడెక్కిన పిదప నాగలిని పైకెత్తి ఇంజను ఆపుడు. అది వెంటనే క్రిందికి దిగినచో లిఫ్టుకు ఖర్చు కలదు. ఎత్తిన పనిముట్టు క్రిందికి చేయి గాని కాలు గాని పెట్టరాదు. కుడి ఎడమ బ్రేకులు సమముగా పట్టవలెను. ముందు చక్రమును జాకీతో లేపి ఊపి చూడుడు. ఇంజనునకు గేరుపెట్టెకు నడుమనున్న అతుకు దగ్గర వెల్డింగు కనబడినచో కారణము అడుగుడు. వెనుక టైర్లు రెండు అరిగియున్నచో వాటి ధరను బేరములో తగ్గింపుడు. ఒక్క మేస్త్రీకి నూరో, ఐదువందలో ఇచ్చి వెంట తీసికొనిపోవుట వ్యర్థమైన ఖర్చు కాదు.

యంత్రము బాగున్నను పత్రములు బాగులేనిచో బండి మనది కాదు. చట్రముపైనను ఇంజనుపైనను గల సంఖ్యలు రిజిస్ట్రేషను పత్రములోని సంఖ్యలతో అక్షరము తప్పకుండ సరిపోవలెను. ట్రాలీకి వేరుగా రిజిస్ట్రేషను ఉండవలెను. బ్యాంకు అప్పు తీరినదన్న మాట చాలదు. బ్యాంకు ఇచ్చిన పత్రమును, దానితోపాటు 35వ ఫారమును తీసికొనుడు. యాజమాన్యపు మార్పిడికి 29, 30 ఫారములు కావలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము రాష్ట్రములోనే అమ్మినవాడు పదునాలుగు దినములలోను, కొన్నవాడు ముప్పది దినములలోను తెలుపవలెను. పాత బండ్లపై వరంగల్లు జిల్లా గుర్తుగా ఏ.పి. 36 అని యుండును. మన ప్రాంతము 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోను, 2019లో ములుగు జిల్లాలోను చేరినది. ఏ కార్యాలయమునకు పోవలెనో ముందే విచారించుట మంచిది. బండి పాతవాని పేరుననే యుండగా ప్రమాదము జరిగినచో అమ్మినవాడును, కొన్నవాడును ఇద్దరును చిక్కులలో పడుదురు. రెండేండ్లకొకమారు సమ్మక్క సారలమ్మల జాతరకు కోట్లాది భక్తులు వచ్చు ఊరు మనది. ట్రాలీ ధాన్యమునకును ఎరువునకును గాని మనుష్యులకు కాదని ఈ సందర్భమున మనవి చేయుచున్నాను.

ముగింపునకు ముందు మన గ్రంథాలయమునకు ఒక సూచన. మధ్యప్రదేశములోని బుద్నీయందు 1955నుండియు, మన పొరుగు రాష్ట్రమున అనంతపురము దగ్గర గార్లదిన్నెయందును ప్రభుత్వ యంత్ర పరీక్షా కేంద్రములు కలవు. బండి శక్తి యెంత, డీజిలు ఎంత త్రాగును, లిఫ్టు ఎంత బరువెత్తును అను విషయములు వాటి పరీక్షా నివేదికలలో కంపెనీ ప్రకటనలతో నిమిత్తము లేకుండ తెలియును. ఆ నివేదికలను, మనవారు వాడుచున్న బండ్ల వాడుక పుస్తకములను సేకరించి ఒక బీరువాలో ఉంచుడు. చదువరాని రైతుకు చదువు వచ్చిన బాలుడు ఆ పుటలు చదివి వినిపించును. బేరమునకు పోవుటకు ముందు ఒక్క సాయంకాలము రైతు ఇచటికి వచ్చి కూర్చున్నచో, ఆ సాయంకాలము అతని ఎకరమును తాకట్టునుండి కాపాడవచ్చును.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును కూడ జరుపుకొనవలెనని కోరుచున్నాను.