ఉత్తరము, ఫోను, ఏకాంతము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)

చదువు కొద్దిమందికే అబ్బిన కాలమున పల్లెకు ఉత్తరము వచ్చినచో, దానిని చదివిపెట్టువారు ఊరికి ఒకరో ఇద్దరో ఉండెడివారు. పట్టాళములోనున్న కుమారుని క్షేమము, కాపురమునకు పోయిన కూతురి కష్టము, అప్పులవాని హెచ్చరిక, అన్నియు వారి నోటనే ఆ ఇంటివారు వినవలసి వచ్చెడిది. చదివినవాడు విన్నది కడుపులో దాచుకొని పోవుట మర్యాద. ఆ మర్యాద తప్పినవాని చేతికి మరల ఎవరును ఉత్తరము ఇచ్చెడివారు కారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసి, అయ్యంకి వెంకటరమణయ్య వంటివారి కృషిచే గ్రంథాలయములు పల్లెలకు ప్రాకిన పిమ్మట, చదువురానివారికి పత్రికలు చదివి వినిపించుట ఆ ఉద్యమము చేపట్టిన పనులలో ఒకటియైనది.

ఆ పాత ఏర్పాటులో ఒక ధర్మము కలదు. ఉత్తరము ఎవరిదో, చదువరిని ఎన్నుకొనువారును వారే. వారి యెదుటనే అది విప్పబడెడిది. అడిగి చదువుటకును, అడుగక చదువుటకును గల భేదము అక్షరజ్ఞానము లేని అవ్వకును తెలియును. ప్రభుత్వము ప్రజల మాటలను చాటున వినవచ్చునా, వినినచో ఎవరి అనుమతితో వినవలెను అను ప్రశ్నకు మూలము ఈ భేదముననే యున్నది.

ఈ ప్రశ్న నేటిది కాదు. 1844లో లండనులో తలదాచుకొన్న ఇటలీ దేశభక్తుడు మాజినీ, తన ఉత్తరములను ఎవరో విప్పుచున్నారని అనుమానించి, కవరులలో గసగసాలు, ఇసుక రేణువులు ఉంచి పరీక్షించెను. చేరిన కవరులలో అవి కనబడలేదు. హోము మంత్రి ఆజ్ఞచే ఆ ఉత్తరములు విప్పబడినవని తేలి, బ్రిటిషు పార్లమెంటులో గొప్ప అలజడి రేగెను. తమ దేశమున ఇంత రోసిన ఆ పనికే, భారతదేశమున ఆంగ్ల పాలకులు చట్టరూపము నిచ్చిరి. 1885 నాటి టెలిగ్రాఫు చట్టము తంతి వార్తలను, 1898 నాటి పోస్టాఫీసు చట్టము ఉత్తరములను నిలిపి చూచు అధికారమును సర్కారునకు ఒసగినవి.

స్వాతంత్ర్యము వచ్చినది గాని ఆ చట్టములు పోలేదు. 1986లో పార్లమెంటు ఆమోదించిన తపాలా సవరణ బిల్లు ఉత్తరములు విప్పు అధికారమును ఇంకను విస్తరింపజూచినది. నాటి రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్ దానిపై సంతకము చేయలేదు, తిప్పియు పంపలేదు. అది చట్టము కాకయే మిగిలిపోయెను. 2013 జూలైలో దేశమున టెలిగ్రాము సేవ ముగిసినది. అయినను టెలిగ్రాఫు చట్టమే మరి పది సంవత్సరములకు పైగా సెల్ ఫోనులను ఏలినది. 2023లో చేయబడిన టెలికమ్యూనికేషన్ల చట్టము, పోస్టాఫీసు చట్టము 2024లో అమలునకు వచ్చి పాతవాటి స్థానమును ఆక్రమించినవి. పేర్లు మారినవి. వినునట్టి అధికారము మాత్రము నిలిచియే యున్నది.

ఈ అధికారమునకు హద్దు గీయవలెనని పలికినవారిలో తెలుగు న్యాయమూర్తులు ముందువరుసలో నున్నారు. గుంటూరులో నెలకొన్న ఆంధ్ర హైకోర్టునకు తొలి ప్రధాన న్యాయమూర్తియైన కోకా సుబ్బారావు, 1962లో సుప్రీంకోర్టున ఖరక్ సింగ్ వ్యాజ్యమును విన్న ధర్మాసనమున ఒకరు. ఉత్తరప్రదేశమున ఒక దోపిడి కేసులో సాక్ష్యము లేక విడుదలైన ఖరక్ సింగ్ ఇంటి తలుపును పోలీసులు, చౌకీదారులు రాత్రివేళల తట్టి, అతడు ఇంట నున్నాడో లేడో చూచుచుండిరి. రాత్రి తలుపు తట్టుట చెల్లదని ధర్మాసనమంతయు అంగీకరించినది. కాని మిగిలిన నిఘా చెల్లుననియు, ఏకాంతము రాజ్యాంగ హక్కు కాదనియు అధిక సంఖ్యాకులు తీర్పు చెప్పిరి. సుబ్బారావు, తనతో ఏకీభవించిన న్యాయమూర్తి షాతో కలిసి, ఏకాంతము లేని స్వేచ్ఛ స్వేచ్ఛయే కాదని వేరు తీర్పు వ్రాసెను.

ఆ అల్పసంఖ్యాక అభిప్రాయము 55 సంవత్సరములు వేచియుండెను. 2017 ఆగస్టు 24న, విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి తెచ్చిన వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముతో ఏకాంతము ప్రాథమిక హక్కు అని నిర్ణయించిరి. కృష్ణా జిల్లా మొవ్వ మండలము పెదముత్తేవిలో జన్మించిన జాస్తి చలమేశ్వర్ ఆ తొమ్మండుగురిలో ఒకరు. ప్రభుత్వము ఆ హక్కును తాకవలెనన్న చట్టము ఉండవలెను, న్యాయమైన ప్రయోజనము ఉండవలెను, తాకుట ఆ ప్రయోజనమునకు తగినంతయే కావలెను అనునది ఆ తీర్పు సారాంశము.

మూడవవారు మరింత చేరువవారు. నందిగామ ప్రాంతమున వీరులపాడు మండలము పొన్నవరములో పుట్టిన నూతలపాటి వెంకట రమణ, 2021 ఏప్రిలులో భారత ప్రధాన న్యాయమూర్తియైరి. ఆ జూలైలోనే పెగాసస్ వ్యవహారము బయల్పడినది. పెగాసస్ ఇజ్రాయెల్ కంపెనీయగు ఎన్.ఎస్.ఓ. తయారు చేసిన నిఘా సాఫ్ట్‌వేరు. దీనిని ప్రభుత్వములకే అమ్ముదుమని ఆ కంపెనీ చెప్పుకొన్నది.

దాని పనితీరు తెలిసిననేగాని ప్రమాదము బోధపడదు. పూర్వము టెలిఫోను తీగకు మరియొక తీగ తగిలించిన ఆ మాట వరకే వినబడెడిది. నేడు పెక్కు సందేశములు పంపువాని ఫోనులో తాళము పడి, అందుకొనువాని ఫోనులోనే తెరచుకొనును. నడుమ చిక్కించుకొన్నవానికి అర్థము కాదు. పెగాసస్ వంటిది నడుమ పొంచియుండదు. యజమాని ఏమియు నొక్కకున్నను ఫోనులోనికి దూరి, తాళము పడకముందే వ్రాతను చూడగలదు. మైక్రోఫోనును, కెమేరాను తానే తెరువగలదు. అట్టి ఫోను ఇంటిలో ఎవరును పిలువని అతిథివలె మంచము ప్రక్కనే యుండును.

కేంద్రము తాను దానిని వాడినదో లేదో సవివరముగ తెలుపలేదు. దేశభద్రత దృష్ట్యా చెప్పరాదని విన్నవించినది. 2021 అక్టోబరు 27న రమణ అధ్యక్షతన ధర్మాసనము, దేశభద్రత యను మాట పలికినంత మాత్రమున న్యాయస్థానము ప్రేక్షకురాలై యుండదని తేల్చి, విశ్రాంత న్యాయమూర్తి రవీంద్రన్ పర్యవేక్షణలో నిపుణుల సంఘమును నియమించెను. 2022 ఆగస్టులో ఆ సంఘపు నివేదికాంశములు కోర్టులో వెల్లడియైనవి. పరీక్షించిన 29 ఫోనులలో ఐదింట ఏదో హానికర సాఫ్ట్‌వేరు కనబడినది. అది పెగాససే యని నిర్ధారణ కాలేదు. ప్రభుత్వము సహకరింపలేదని సంఘము తెలిపెను. తలుపు తట్టినవారు దొరికిరి గాని, తెరచువారు దొరకలేదు.

రాజ్యమునకు ఈ అధికారమే వలదనుట తగదు. బాంబులు పెట్టువారిని, బిడ్డల నెత్తుకొనిపోవువారిని పట్టుటకు ఫోను వినవలసిన అవసరము కలుగును. జగ్గయ్యపేట దాటిన గరికపాడు వద్ద, రెండు తెలుగు రాష్ట్రముల సరిహద్దున, చెక్‌పోస్టు ఉండుటను ఎవరును తప్పుపట్టరు. అచ్చట లారీ ఆపిన డ్రైవరు ప్రక్కనే నిలిచియుండును. ఏమి వెదకిరో, ఏమి దొరికినదో అతనికి తెలియును. అన్యాయము జరిగిన అడుగవచ్చును. ఫోను విన్నపుడో, తనను విన్నారని కూడ పౌరునకు తెలియదు. తెలియని అన్యాయమును గురించి ఎవరు పిటిషను వేయగలరు?

కనుకనే కావలి యింకను గట్టిగా నుండవలెను. 1996 డిసెంబరులో పౌరహక్కుల ప్రజాసంఘము తెచ్చిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు కొన్ని నియమములు విధించినది. హోము కార్యదర్శియే ఆజ్ఞ ఇయ్యవలెను. దానిని ఒక సమీక్షా సంఘము పరిశీలింపవలెను. కాలపరిమితి ఉండవలెను అనునవి అందు ముఖ్యములు. 2024 డిసెంబరు నాటి కొత్త నియమములును ఈ దారినే అనుసరించినవి. కాని ఆజ్ఞ ఇచ్చువారు కార్యదర్శులు, సమీక్షించువారును కార్యదర్శులే. న్యాయమూర్తికి అందు చోటు లేదు. కేంద్రమున నెలకు 7,500 నుండి 9,000 వరకు ఆజ్ఞలు వెలువడుచున్నవని 2013లో సమాచార హక్కు చట్టము క్రింద ఇచ్చిన జవాబు తెలిపినది. రెండు నెలల కొకమారు కూర్చుండు సమీక్షా సంఘము, ఒక్కొక్క సమావేశమున 15,000 నుండి 18,000 ఆజ్ఞలు చూడవలసి వచ్చునని 2018లో న్యాయమూర్తి శ్రీకృష్ణ సంఘపు నివేదిక లెక్క చెప్పెను. అన్ని ఆజ్ఞలను ఒక్క పూటలో చదువగల మనుష్యుడు పుట్టలేదు.

కావలి సడలిన ఏమగునో తెలుపుటకు 2024 మార్చిలో హైదరాబాదు పంజాగుట్ట పోలీసు స్టేషనులో నమోదైన కేసు చాలును. ఎన్నికల కాలమున పోలీసు గూఢచారి శాఖలోనివారే ప్రతిపక్షులు మొదలగువారి ఫోనులు అక్రమముగ వినిరనియు, 2023 డిసెంబరులో ప్రభుత్వము మారునపుడు హార్డు డిస్కులను ధ్వంసము చేసిరనియు అందు ఆరోపణ. నిజానిజములు తేల్చవలసినది న్యాయస్థానము. అయితే కేసు నమోదైనది అధికారము చేతులు మారిన పిమ్మటనే యను సంగతి గమనింపదగినది. ఇంటిలోని కావలివాడే ఇంటివాడైనపుడు, ఇల్లు మారినగాని లోపలి సంగతి బయటికి రాదు.

దాచవలసినది లేనివానికి భయమెందుకని కొందరు అడుగుదురు. తలుపు మూసి స్నానము చేయువాడు దొంగ కాడు. సంతలో ధాన్యము బేరమాడు రైతు తన అప్పును వర్తకునికి చెప్పడు. చెప్పినచో ధర పడిపోవును. గ్రామాధికారిపై అర్జీ వ్రాయదలచిన కూలి, ముందుగ తన తోడివారితో చాటుగ మాట్లాడును. ఆ మాట అధికారి చెవిని బడునన్న అనుమానము చాలును, అర్జీ పుట్టకయే చచ్చును. నిజముగ ఎవరో వినుచుండనక్కరలేదు. వినుచున్నారేమో అను శంకయే నాలుకకు బిగించిన ముడి. ఎవరిని విన్నను, నోరు మూతపడునది ఊరందరిదియు.

దీనికి చేయవలసినది అసాధ్యమేమియు కాదు. వినుటకు ఆజ్ఞ ఇచ్చునపుడో, ఇచ్చిన కొలది దినములలోనో న్యాయమూర్తి యొకడు దానిని చూడవలెను. ఏటేట ఎన్ని ఆజ్ఞలు ఇచ్చిరో శాసనసభకు లెక్క చెప్పవలెను. విచారణ ముగిసి, నేరము లేదని తేలిన పిమ్మట, విన్న సంగతి ఆ పౌరునకు తెలుపవలెను. ఈ మూడును దొంగకు మేలు చేయవు. ప్రభుత్వ రహస్యమునకును ముప్పు తేవు.

గ్రంథాలయమునకును ఇందు భాగము కలదు. ఏ పాఠకుడు ఏ పుస్తకమును కొనిపోయెనో తెలుపు రిజిస్టరు గ్రంథపాలకుని బల్లమీద నుండును. రోగమును గూర్చి చదువువాడు, మతమును శంకించువాడు, పాలకులను విమర్శించు పుస్తకము నడుగువాడు, అందరును ఆ రిజిస్టరులో కలరు. పుస్తకము తిరిగి వచ్చుటకే ఆ వ్రాత. వేరెవరికిని అది పఠనీయ గ్రంథము కాదు. ఆ సంగతి నెరిగిన గ్రంథపాలకుడు, కోకా సుబ్బారావు 1962లో వ్రాసిన ధర్మమును తన పల్లెలో ప్రతిదినము అమలు జరుపుచున్నవాడే. ఇరువదియైదేండ్లు ఆ నమ్మకమును నిలుపుకొన్న గ్రంథాలయమునకు పాఠకులు ఇంకను నిర్భయముగ వచ్చుచుందురుగాక.