బొమ్మ కింద పేరు

మాస్టారి దగ్గర పెన్సిలు చెక్కడంతో మొదలుపెట్టి ఇవాళ ఈ హాలు దాకా వచ్చినవాళ్లం మనం. వెనక బ్యానరు మీద ఆయన పేరు ఉంది కనుక నేను మాస్టారనే అంటాను. పేరు పెట్టి చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు.

తొమ్మిదో తరగతిలో ఉండగా చిత్రలేఖనం పోటీకి మా బడి గేటు దగ్గర మరమరాలమ్మే ముసలావిడ బొమ్మ వేశాను. వొంగిన నడుము, చిరుగుల చీర, గుంటలు పడ్డ కళ్లు. కింద ‘పేదరికం’ అని రాశాను. మొదటి బహుమతి వచ్చింది. హెడ్మాస్టరు గారు అద్దం బిగించి ఫ్రేము కట్టించి తన గదిలో తగిలించారు. మాస్టారు మాత్రం చాలాసేపు చూసి ఒక్కటే అడిగారు: “ఆవిడ పేరేంట్రా?”

తెలీదన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. ఆ ప్రశ్న వెంటబడి నేను చివరికి బెంగాల్ దాకా పోయాను. ఇవాళ్టి నా మాటలన్నీ ఆ దారిలో ఏరుకున్నవే.

బెంగాల్ మన చిత్రకారులకి మేనమామ ఇల్లు లాంటిది. అడివి బాపిరాజు గారు మచిలీపట్నం జాతీయ కళాశాలలో నేర్చుకున్నది ప్రమోద్ కుమార్ ఛటర్జీ దగ్గర. కొండపల్లి శేషగిరిరావు గారు శాంతినికేతన్ వెళ్లి నందలాల్ బోస్ శిష్యులయ్యారు. మద్రాసు ఆర్ట్ స్కూలుకి ఏళ్ల తరబడి ప్రిన్సిపాల్ దేవీప్రసాద్ రాయ్ చౌధురి. ఆ ఇంటి నుంచి మనకి వచ్చిన సారె ఎక్కువగా నీటిరంగుల మసక, పురాణ కథలు, అరమోడ్పు కళ్లు. ఆ అందాన్ని నేను కాదనను. కానీ 1943లో, అదే బెంగాల్లో, కరువుతో ఆ మసక చెదిరిపోయింది.

యుద్ధం నడుస్తోంది. బర్మా జపాను చేతిలోకి పోయి అక్కడి బియ్యం ఆగిపోయింది. శత్రువుకి దక్కకూడదని తీరప్రాంతాల్లో పడవలు, ధాన్యం సర్కారే లాగేసుకుంది. తర్వాత 1942 అక్టోబరులో మిడ్నపూర్ మీద తుఫాను పడింది. బియ్యం ధర కూలివాడి చేతికి అందనంత పైకి పోయింది. పోయినవాళ్లు 15 లక్షలని సర్కారు వేసిన విచారణ సంఘం చెప్పింది. 30 లక్షల దాకా ఉంటారని అమర్త్య సేన్ లెక్క తేల్చారు. దేశంలో తిండి లేక కాదు, కొనుక్కునే శక్తి లేక చచ్చిపోయారన్నది ఆయన వాదన.

కలకత్తా వీధుల్లోకి వచ్చిపడ్డ పల్లె జనం ఇళ్ల ముందు నిలబడి అన్నం అడగలేదు. ‘ఫ్యాన్ దావో’ అన్నారు. అంటే గంజి పొయ్యమని. అన్నం అడిగితే తలుపు పడుతుంది; వార్చి పారబోసేది అడిగితే పొయ్యొచ్చు. మనిషి తన ఆకలికి తానే రేటు తగ్గించుకున్న మాట అది. గంజి వార్చే ఇళ్లలో పుట్టిన మనకి ఇంతకంటే విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ వీధుల్లోనే జైనుల్ ఆబెదిన్ తిరిగారు. కలకత్తా ఆర్ట్ స్కూల్లో పంతులు, ముప్పై ఏళ్లు నిండని కుర్రాడు. చవకరకం ప్యాకింగు కాగితం, నల్ల సిరా, దాదాపు ఎండిపోయిన కుంచె. ఆయన బొమ్మల్లో కాకి ఉంటుంది, కుక్క ఉంటుంది, చెత్తకుండీ ఉంటుంది, వాటి పక్కనే మనుషులుంటారు. కుంచె ఆరిపోతూ ఉంటే గీత మధ్యలో తెగుతుంది, పీచుపీచుగా లేస్తుంది. డొక్క దగ్గర ఆ గీత ఎలా పలచబడిందో చూడండి. బొమ్మ ఆకలి గురించి చెప్పడం కాదు, గీతకే ఆకలేసినట్టుంటుంది. రంగులు వేసుంటే ఇది కుదిరేది కాదని నా అభిప్రాయం.

చిత్తప్రసాద్ దారి వేరు. ‘భట్టాచార్య’ అనే కులం చెప్పే ఇంటిపేరుని వదిలేసుకున్న మనిషి, కమ్యూనిస్టు. 1943 నవంబరులో మిడ్నపూర్ జిల్లా పల్లెలు తిరిగి, చూసింది చూసినట్టు సిరాతో గీసి, రాసి, ‘హంగ్రీ బెంగాల్’ అనే చిన్న పుస్తకం వేశాడు. 5,000 ప్రతుల్ని సర్కారు పట్టుకుని తగలబెట్టింది. అతని కుటుంబం దాచుకున్న ఒక్క ప్రతి వల్లే ఇవాళ మనం చూడగలుగుతున్నాం. సర్కారుకి అంత భయం ఎందుకు? కరువు గురించి పేపర్లలో అంకెలు వస్తూనే ఉన్నాయి. అంకెల్ని తగలబెట్టాల్సిన పని లేదు, అవి వాటంతటవే చల్లారిపోతాయి. ఈయన మాత్రం జంతువులు పీక్కుతిన్న శవాన్ని గీసి, అది ఎవరిదో పేరు రాశాడు. తన ఇంటిపేరు చెరిపేసుకున్నవాడు ఆ చచ్చిపోయినవాళ్ల పేర్లు పోకుండా చూశాడు.

దీనికి ముందు ఇంకో కరువు, మన దత్తమండలాలు మర్చిపోని ధాత కరువు, 1876-78 నాటిది. అప్పుడు మద్రాసు రాజధానిలో హూపర్ అనే దొర కెమెరా పట్టుకుని తిరిగాడు. ఎముకలు లెక్కపెట్టగలిగే మనుషుల్ని గుంపుగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. వాళ్లకి పేర్లు లేవు. ఫొటో తీశాక వాళ్లకేం పెట్టావయ్యా అని ఆ రోజుల్లోనే ఆయన్ని తిట్టినవాళ్లున్నారు. కెమెరా తప్పని నేననను. నా ‘పేదరికం’ బొమ్మలో కెమెరా లేదు కదా!

బొమ్మ మీద చెయ్యి వేసే రాజకీయం అంటే సర్కారు ఒక్కటే కాదు. చిత్తప్రసాద్‌కి పుస్తకాన్ని ఇచ్చిందీ పార్టీయే, తర్వాత ఊపిరాడకుండా చేసిందీ పార్టీయే. 1948లో పార్టీ పంథా మారాక ఆయన మెల్లగా దూరమయ్యాడు. బొంబాయి అంధేరీలో ఒంటరిగా ఉంటూ లినోకట్లు చెక్కాడు, పనిచేసే పిల్లల బొమ్మలు వేశాడు, తోలుబొమ్మల్లాంటి ఆటలు కట్టి చుట్టుపక్కల పిల్లలకి ఆడించాడు. 1978లో పోయాడు. గెలుస్తున్న రైతుని పిడికిలి బిగించి వెయ్యమంటే ఏ చిత్రకారుడైనా వేస్తాడు. ఓడిపోయిన ఇంట్లో సాయంత్రం ఎలా ఉంటుందో వెయ్యమని ఏ పార్టీ అడగదు.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పుకోవాలి. 1946 జులైలో, తెలంగాణ రైతు పోరాటంలో, కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. అదే ఏడాది చివర్లో బెంగాల్లో కౌలు రైతులు పంటలో మూడింట రెండు వంతులు మావే అని తెభాగ ఉద్యమం లేవదీస్తే, పాతికేళ్ల చిత్రకారుడు సోమనాథ్ హోర్ రంగ్‌పూర్ పల్లెల్లో వాళ్లతో తిరుగుతూ డైరీ రాశాడు, ఆ మనుషుల్ని గీశాడు. మన పోరాటం పాటయింది, బుర్రకథయింది, ‘మా భూమి’ నాటకమయింది. బొమ్మ మాత్రం అంతగా కాలేదు. మనకి చెవి ముందు తెరుచుకుంటుందేమో.

హోర్ మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను. కరువునాటికి ఆయనకి ఇరవై రెండేళ్లు. చేతిలో కాగితం పెట్టి గియ్యమని పురికొల్పింది చిత్తప్రసాదే. తర్వాత శాంతినికేతన్‌లో గ్రాఫిక్స్ చెప్పాడు. 1971 ప్రాంతంలో, యాభై ఏళ్ల వయసులో, ‘గాయాలు’ అనే వరస మొదలుపెట్టాడు. మట్టి పలకని కత్తితో కోసి, వేడి చువ్వతో కాల్చి, దాని మీద సిమెంటుతో అచ్చు తీసి, ఆ అచ్చులో కాగితపు గుజ్జు నొక్కి ఆరబెట్టేవాడు. వచ్చేది తెల్ల కాగితం మీద తెల్ల గాటు. మనిషి లేడు, ఊరు లేదు, గంజి ముంత లేదు. పక్కనుంచి వెలుతురు పడితేనే కనిపిస్తుంది, ఎదురుగా నిలబడితే ఖాళీ కాగితమే.

మొదటిసారి అచ్చు పుస్తకంలో చూసి నాకేమీ అర్థం కాలేదు. పేరు రాయాలన్న సూత్రం ఇక్కడ తలకిందులైంది కదా అనుకున్నాను. ఇప్పుడు అలా అనిపించదు. కరువు పోతుంది, కరువుని చూసినవాడి లోపల అది ఉండిపోతుంది. ముప్పై ఏళ్ల తర్వాత అతను గియ్యగలిగింది ఎదుటివాడి ఆకలిని కాదు, అది తనలో చేసిన గాటుని. అది అతని సొంతం కనుకే దాని కింద ఇంకొకరి పేరు రాయలేదు. మనసుని బొమ్మ వెయ్యడమంటే ముఖంలో దిగులు చూపించడమని అనుకుంటాం. హోర్ ముఖమే తీసేశాడు.

మళ్లీ బడి గేటు దగ్గరికి వస్తాను. మాస్టారు అడిగిన మర్నాడు వెళ్లి ఆవిడ పేరు అడిగాను. చెప్పింది. నా బొమ్మ వేశావంట, చూపించవా అంది. మధ్యాహ్నం హెడ్మాస్టరు గారు లేనప్పుడు గది దగ్గరికి తీసుకెళ్లాను. లోపలికి రానంది. చెప్పుల్లేని కాళ్లతోనే గుమ్మం బయట నిలబడి, చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని చూసింది. చిరుగుల చీర గురించి ఏమీ అనలేదు.

“చెవులకి కమ్మలెయ్యలేదేం బాబూ?” అంది.

అప్పుడు తలెత్తి చూశాను. ఇత్తడివి, నున్నగా అరిగిపోయినవి, రెండు చెవులకీ ఉన్నాయి. మూడేళ్లుగా రోజూ ఆవిడ దగ్గర మరమరాలు కొంటున్నాను. జేబులో పెన్సిలుంది. బొమ్మకి అద్దం బిగించేసి ఉంది.