భర్త పేరుతో మరో చీటీ

ఇవాళ పట్టా అందుకున్న డాక్టర్లకూ, వెనక వరుసల్లో కూర్చున్న మీ అమ్మానాన్నలకూ నా అభినందనలు.

ఇంతమంది పెద్దల ముందు వీర్యం గురించి మాట్లాడతానంటే కొందరు తల దించుకోవచ్చు. ఆ బిడియం ఖరీదు ఎంతో చెబుతాను. పెళ్లయిన ఆరేళ్లకు ఒకామె నా దగ్గరికి వచ్చింది. స్కానింగులు, హార్మోను పరీక్షలు, లాపరోస్కోపీ అన్నీ అయ్యాయి. అంత లావు ఫైల్లో భర్త పేరు మీద ఒక్క కాగితం లేదు. "మా వాడికేం, రాయిలా ఉన్నాడండీ" అన్నారు అత్తగారు. పరీక్ష చేయిస్తే ఆయన వీర్యంలో ఒక్క శుక్రకణం కూడా కనిపించలేదు. ఆరేళ్లూ గొడ్రాలన్న మాట పడింది మాత్రం ఆమె.

పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. దాంపత్య సుఖానికి లోటు లేకపోయినా, వీర్యం చూడ్డానికి మామూలుగానే ఉన్నా కణాలు లేకపోవచ్చు. ఎందుకంటే ఆ ద్రవంలో ఎక్కువ భాగం శుక్రకోశాల నుంచి, తర్వాత ప్రోస్టేట్ గ్రంథి నుంచి వస్తుంది. వృషణాల నుంచి వచ్చేది నూటికి ఐదు వంతులకు మించదు. 1677లో లీవెన్‌హుక్ అనే పరిశోధకుడు తన భూతద్దంలో చూసేదాకా ఈ కణాలున్నాయనే లోకానికి తెలియదు. మైక్రోస్కోపు కింద పెట్టకుండా మీరూ చెప్పలేరు.

అంకెల దగ్గర తొందరపడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లెక్క ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు కనీస ప్రమాణం. అయితే ఏడాదిలోపే బిడ్డను కన్న తండ్రుల్లోనూ నూటికి ఐదుగురు దీనికి దిగువనే ఉన్నారు. కణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. అందుకే కొన్ని వారాల కిందటి గట్టి జ్వరం ఇవాళ్టి రిపోర్టును పాడుచేయగలదు. ఒక్క రిపోర్టు చూసి ఎవరికీ ఆశ లేదనకండి, రెండోసారి చేయించండి. కండల కోసం జిమ్ముల్లో స్టెరాయిడ్లు తీసుకునే కుర్రాళ్లను మాత్రం సూటిగా అడగండి. అవి కణాల తయారీనే ఆపేస్తాయి, ఈ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు.

రేపు మీ గదిలోకి ఒక జంట వస్తుంది. ఆమె ఒక్కతే కుర్చీలో కూర్చుంటుంది, ఆయన తలుపు దగ్గర నిలబడతాడు. ఆయన్నీ కూర్చోమనండి. ఆమెకు మొదటి పరీక్ష రాసిన రోజే, భర్త పేరుతో మరో చీటీ రాయండి.